కాటా మాట వినని కంప్యూటర్

ఎనభైల చివర్లో జహీరాబాద్ దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్ సారును. హైదరాబాద్‌లో మూడు నెలలు బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని వచ్చాను కాబట్టి, చెప్పులు బయట విడిచి ఏసీ గదిలో కూర్చునే మహాయోగం నాకు దక్కింది.

ఆ ఏడు చెరకు బండ్లు తూచే కాటా పెట్టెకు తీగ వేసి కంప్యూటర్‌కు కలిపారు. పెట్టె మీద బరువు ఎర్రటి అంకెల్లో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించేది. చదవగలిగినవాళ్లం అక్కడ ఆరుగురం ఉన్నాం. అయినా కంప్యూటరే చదవాలని మేనేజరు పట్టు. దాని తెరమీద వచ్చిందల్లా పిచ్చిగీతలు.

మొదటి బండి రాయికోడ్ వైపు రైతుది. పాత కాటా గుమాస్తా పెట్టె చూసి, బండి బరువు పోను చెరకు ఇరవై క్వింటాళ్లని చీటీ రాశాడు. చేతిరాత చెల్లదన్నాడు మేనేజరు. బండి ఎండలో నిలబడింది.

"సారూ, చెర్కు ఎండుతున్నది. ఎండితే బరువు దిగుతది. గా చీటీ మీదనే కానియ్యరాదు?" అన్నాడు రైతు.

"జర ఆగు పెద్దాయనా, ప్రోగ్రాం చూస్తున్న."

మూడు రోజులు చూశాను. రాసింది కొట్టేసి మళ్లీ రాశాను. తీగ విప్పి బిగించాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కరెంటును తిట్టాను. పెట్టె వెనక్కి మాత్రం చూడలేదు. అంత చదువు చదివి పెట్టెలు తిప్పడమా!

మూడో రోజు దుమ్ము దులపడానికి గుమాస్తా దాన్ని తిప్పాడు. వెనక అంటించిన కాగితం మీద, పెట్టె అంకెలను ఏ వేగంతో పంపుతుందో అచ్చేసి ఉంది. సరిగ్గా దానిమీదే పసుపు కుంకుమ అట్టకట్టాయి. దసరా ఆయుధపూజలో ఆ బొట్టు పెట్టిన భక్తుణ్ని నేనే. గోటితో గీకి చూశాను. నా ప్రోగ్రాంలో ఉన్న వేగం వేరు, అందుకే ఆ పిచ్చిగీతలు. దాన్ని మార్చాను.

బండిని మళ్లీ కాటా ఎక్కించారు. తెరమీద బరువు వచ్చింది. బండి పోను చెరకు పంతొమ్మిది. అందరూ చప్పట్లు కొట్టారు.

"చూసిన్రా? మనిషి ఒక క్వింటాలు ఎక్కువ రాసిండు. మిషన్ తప్పు చెప్పది," అంటూ మేనేజరు గుమాస్తా చీటీని చింపేశాడు.

రైతు నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సారూ. చదువుకున్నోనివి, నీ మాట ఇంటరు."

మూడు రోజుల ఎండకే క్వింటాలు తగ్గిందని, దానికి కారణం నేనని చెప్పాలి. మేనేజరు నా భుజం తడుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూనే నవ్వాను. పంతొమ్మిదని అచ్చు తీసి, ఆ కాగితం ఆయన చేతికిచ్చాను.