ఎర్రలైటు వెర్లిన్

వెర్లిన్ స్టావ్ ప్రతి ఉదయం అయిదింటికి లేచి, బైబిల్లో ఒక పేజీ చదువుకుని, బిళ్ళలు కుట్టిన తోలుచొక్కా తొడుక్కుని, నాలుగు క్వింటాళ్ళ మోటార్‌సైకిలెక్కి, దాణామిల్లు కూడలికి వెళ్ళి ఎర్రలైటు ముందు ఆగేవాడు. ఆగడమంటే మనం ఆగినట్టు కాదు. ఇంజను ఆపేసి, రెండు కాళ్ళూ నేలకి ఆనించి, చేతులు కట్టుకుని, పెళ్ళిలో ఫొటోకి కూర్చున్నవాడిలా కదలకుండా ఉండేవాడు. పచ్చలైటు వచ్చేదాకా అంతే. అది పదిహేడు నిమిషాలకి రావచ్చు, నలభై ఒక్క నిమిషాలకీ రావచ్చు. నలభై ఒకటి ఆయన రికార్డు.

సంగతేమిటంటే, ఆ చిన్నరోడ్డు మీద తారు కింద రెండు కార్ల పొడవున తీగచుట్ట ఒకటి పాతారు. కారో లారీయో వచ్చి దాని మీద ఆగితే తీగకి ఇనుము జాడ తెలిసి, పెద్దరోడ్డు మీది బళ్ళని ఆపి, చిన్నరోడ్డుకి పచ్చలైటు ఇస్తుంది. మోటార్‌సైకిలు ఆగితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మిస్సోరి రాష్ట్రంలో ఆ మూల ఊళ్ళో మోటార్‌సైకిలు నడిపేవాళ్ళంతా అటూ ఇటూ చూసుకుని ఎర్రలైటులోనే దాటేసేవారు. వెర్లిన్ ఒక్కడు దాటడు.

గస్తీ కారులో వచ్చిన పోలీసాయన ఒకసారి అద్దం దించి బతిమాలాడు కూడా. "వెళ్ళిపో వెర్లిన్, అటు రెండు మైళ్ళు, ఇటు రెండు మైళ్ళు పురుగు లేదు. నేను చూళ్ళేదనుకుంటాలే."

"నువ్వు చూడవు సరే. పైవాడికి ఎవరు చెబుతారు?"

"ఆయనకి ఇంతకంటే పెద్ద పనులుంటాయయ్యా!"

"ఉంటే మంచిదే. నాకు లేవు, అందుకని నేను ఆగుతా."

అదీ నిజమే. ధాన్యం గిడ్డంగిలో మెకానిక్కుగా చేసి రిటైరయిన అరవై ఎనిమిదేళ్ళ మనిషికి పొద్దున్నే వెళ్ళాల్సిన చోటేమీ లేదు. ఫలహారశాలలో ఈ మాటే ఎత్తి ఏడిపించేవారు. "ఇంతకీ ఆ వేళప్పుడు ఎక్కడికి పోతావు వెర్లిన్?" అంటే, "లైటు అవతలికి" అనేవాడు. "అవతల ఏముంది?" అంటే, "ఇవతలికి వచ్చే లైటు" అనేవాడు. వెనక ఏదైనా కారొచ్చి పచ్చలైటు పడితే దాటి, చుట్టు తిరిగి మళ్ళీ వచ్చి అక్కడే ఆగేవాడు మరి.

కాలాన్ని కూడా ఆయన దానితోనే కొలిచేవాడు. ఇరవై నిమిషాలు ఒక ఎర్రలైటు. "నా కాఫీ రావడానికి ఎర్రలైటున్నర పట్టిందమ్మా." "ఇవాళ ప్రసంగం మూడు ఎర్రలైట్లు, పాస్టరు గారూ. నాకేం, నాకు అలవాటే."

లవాన్ ఈస్లీ అనే ఆవిడ కౌంటీ రోడ్ల ఆఫీసులో గుమాస్తా. ఊరందరికీ ఆయన వినోదమైతే, ఆవిడకి ఉద్యోగం. ఎందుకంటే ప్రతి సోమవారం వెర్లిన్ ఒక ఉత్తరం పట్టుకొచ్చి, టోపీ తీసి, బల్ల మీద పెట్టేవాడు. దాణాకొట్టు కేలండరు వెనక, ముత్యాల్లాంటి అక్షరాలు, పైన వరస నంబరు. రెండేళ్ళలో నూటనాలుగు వచ్చాయి. నూటనాలుగింటికీ ఆవిడ, 'మీ విన్నపం పరిశీలనలో ఉన్నది' అని జవాబు రాసి సంతకం పెట్టింది.

"పరిశీలన ఎంతవరకూ వచ్చిందమ్మా?"

"మీ లైటంత వేగంగా వస్తోంది."

"అయితే ఫర్వాలేదు, వెనక కారొకటి రావాలి అంతే" అని నవ్వుకుంటూ పోయేవాడు.

కౌంటీలోని మోటార్‌సైకిలువాళ్ళ హక్కుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. సభ్యులు పదకొండు మంది. వేసవిలో కరిగి జారే తారు అతుకుల మీదా, మలుపుల్లో పోసి వదిలేసిన కంకర మీదా, తోలుచొక్కా కనిపిస్తే చాలు బండి ఆపి సోదా చేసే పోలీసుల మీదా ఆ పదకొండు మందీ పోరాడేవారు. ఏటా ఒకరోజు రాష్ట్ర రాజధానికి పోయి శాసనసభ్యుల్ని కలిసేవారు. వెర్లిన్ ఆ రోజు తోలుచొక్కా లోపల ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టేవాడు. శాసనసభ్యుడికొకటి చొప్పున ఇంట్లో కాచిన రేగుపళ్ళ జామ్ సీసా పట్టుకెళ్ళేవాడు. ఒక ఏడు గుమ్మం దగ్గర కాపలావాళ్ళు ముప్ఫైనాలుగు సీసాల్ని వరసగా పేర్చి, అనుమానంగా ఒక్కొక్కటీ మూత తీసి చూశారు. చూడగా చూడగా ఆకలేసి రొట్టె తెప్పించుకున్నారు. ఆ ఏడు శాసనసభ్యులకి విన్నపం మాత్రమే అందింది.

ఆ సంఘంలోనే పెద్ద గొడవొకటి జరిగింది. రెండు నిమిషాలు ఆగినా లైటు మారకపోతే మోటార్‌సైకిలు దాటి వెళ్ళిపోవచ్చని చట్టం తేవాలని రాష్ట్రమంతా సంతకాలు పోగుచేస్తున్నారు. సంఘం కార్యదర్శి రోండా, ఆసుపత్రి నర్సు, భుజాల నిండా పచ్చబొట్లు, ఆ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. వెర్లిన్ సంతకం పెట్టనన్నాడు.

"ఏమయ్యా, నీకు మతి ఉందా? రెండేళ్ళుగా ఆ లైటు కింద కూర్చున్నవాడివి నువ్వే కదా! ఇది నీకోసం తెచ్చిన చట్టం కాదూ?"

"దాటమనడం కాదు రోండా, లైటే మారాలి. దాటితే మనమొక్కళ్ళమే దాటతాం."

"మనం కాక ఇంకెవరు దాటాలి?"

వెర్లిన్ బూట్లు చూసుకున్నాడు. రోండా కాగితం మడిచి, "ఈ మనిషికి లైటు బాగుపడటం ఇష్టం లేదు, అది పోతే ఈయనకి కాలక్షేపం లేదు" అని పదిమందిలో తేల్చేసింది.

చివరికి, నూటనాలుగో ఉత్తరానికి కౌంటీ బోర్డు కదిలింది. గురువారం సాయంత్రం సమావేశంలో తేలుస్తామన్నారు. అంతకుముందు మంగళవారం ట్రెంట్ అనే కుర్ర ఇంజనీరుని పరీక్షకి పంపారు. ట్రెంట్ వచ్చి రోడ్డు మీద చతికిలబడి, తారులో కోసిన సన్నటి గీతొకటి వేలితో చూపించాడు. "తీగ సరిగ్గా దీనికిందే ఉంది సార్. మీరు మూరెడు వెనక ఆగుతున్నారు. చక్రాలు ఈ గీత మీదికి తెండి." వెర్లిన్ తెచ్చాడు. నాలుగు సెకన్లలో పచ్చలైటు. మళ్ళీ ఒకసారి, మళ్ళీ నాలుగు సెకన్లు. మూడోసారికి ఫలహారశాల ఖాళీ అయి అందరూ రోడ్డు మీదికొచ్చి చప్పట్లు కొట్టారు.

రోండాకి మాత్రం నవ్వు రాలేదు. "గీత మీద ఆగాలని మా అందరికీ నేర్పిందే నువ్వు కదయ్యా! పోయినేడు రాజధాని లైట్ల దగ్గర చెప్పావు కదా, ఇక్కడిది మాత్రం పాడైందనుకున్నాం!"

వెర్లిన్ మళ్ళీ బూట్లు చూసుకున్నాడు.

లవాన్‌కి ఆ రాత్రి అన్నం సయించలేదు. నూటనాలుగు ఉత్తరాలు! తెలిసి తెలిసి ఆడించాడా? అంత భక్తిపరుడు? పొద్దున ఆఫీసుకి పోకముందే ఆ ముచ్చటేదో కళ్ళారా చూసి కడిగేద్దామని, బుధవారం తెల్లవారకుండానే వెళ్ళి, దాణామిల్లు పక్కన కారు దీపాలార్పుకుని కూర్చుంది.

వెర్లిన్ వచ్చాడు. గీతకి మూరెడు వెనక ఆగాడు. ఇంజను ఆపాడు. చేతులు కట్టుకున్నాడు. అయిదు నిమిషాలు, పది, పదిహేను. తూర్పున తెల్లబడుతోంది. పెద్దరోడ్డు మీద ధాన్యం లారీలు గాలిని చీల్చుకుంటూ పోతున్నాయి.

అప్పుడు వెనకనుంచి గిట్టల చప్పుడు వినిపించింది. నల్లటి గుర్రబ్బండి ఒకటి వచ్చి వెర్లిన్ వెనక ఆగింది. కార్లెక్కకుండా, ఇంట్లో కరెంటు పెట్టుకోకుండా బతికే ఆమిష్ వాళ్ళ బండి. అంతా చెక్క. దాన్ని ఆ తీగ ఏడాది నిలబడ్డా గుర్తుపట్టదు. పగ్గాలు పట్టుకున్నది ఫ్రానీ బైలర్, డెబ్భై దాటిన ముసలమ్మ, నెత్తిన తెల్లటోపీ.

వెర్లిన్ బండిని మూరెడు ముందుకి జరిపాడు. నాలుగు సెకన్లు. పెద్దరోడ్డు మీద లారీలు మూలుగుతూ ఆగాయి. పచ్చలైటు పడింది. గుర్రం బెదురుతుందని ఇంజను వేయలేదు ఆయన. ఆ నాలుగు క్వింటాళ్ళ బండిని రెండు కాళ్ళతో తోసుకుంటూ, ఒక చెయ్యి లారీలవైపు ఎత్తి, బాతులా ఊగుతూ రోడ్డు దాటాడు. ఆయన చాటున గుర్రబ్బండి దాటింది.

"చలిగా ఉంది" అంది ఫ్రానీ.

"అవునమ్మా" అన్నాడు వెర్లిన్.

లవాన్ కారు దిగి వెళ్ళేసరికి ఆయన రోడ్డు పక్కన ఆయాసపడుతూ మోకాలు నొక్కుకుంటున్నాడు.

"ఎన్నాళ్ళబట్టి ఇది?"

వెర్లిన్ దొరికిపోయిన దొంగలా టోపీ తీశాడు. "వాళ్ళ చెల్లెలు పక్షవాతంతో మంచాన పడ్డప్పటినుంచీ. అవతల పొలంలో ఆవుల్ని ఈవిడే పితకాలి. ఒకరోజు ఎర్రలైటులో దాటబోతే లారీ హారనుకి గుర్రం రెండు కాళ్ళ మీద లేచింది. నేను చూశాను తల్లీ. ఇంకా కళ్ళలోంచి పోలేదు."

"ఆ మాటే ఒక్క ఉత్తరంలో రాస్తే పోయేది కదండీ!"

"మొదట్లో ఫలహారశాలలో అడిగి చూశాలే, ఊరికే మాటవరసకి. 'గుర్రబ్బళ్ళ కోసం లైటా? అసలు వాటినే ఆ రోడ్డెక్కనీయకూడదు' అన్నారు. ఆవిడేమో సర్కారుని ఏమీ అడగదు, సంతకం పెట్టదు, వాళ్ళ పద్ధతి అది. నన్ను చూస్తే జనం నవ్వుతారు. నవ్వితే నష్టమేముంది? ఆవిణ్ణి చూస్తే రోడ్డు మూసేస్తారు." కాస్త ఆగి, "కానీ వచ్చే నెలలో మోకాలికి ఆపరేషను. అందుకే ఇప్పుడన్నా లైటు మారాలి" అన్నాడు.

లవాన్ ఆఫీసుకి పోయి ఉత్తరాల కట్ట విప్పింది. నా బండి అన్న మాట ఎక్కడా లేదు. నూటనాలుగింటిలోనూ ఒకటే కోరిక: తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు దాకా ఆ లైటు ఎవరికోసమూ చూడకుండా దానంతటదే మారేలా పెట్టండి. ఆవిడ తన జవాబులు చూసుకుని, ఒక్కదాన్నైనా శ్రద్ధగా చదవలేదే అని కళ్ళద్దాలు తుడుచుకుంది.

గురువారం సాయంత్రం బోర్డు అధ్యక్షుడు హార్లన్ గుడ్‌సెల్ ఫైలు మీద అరచెయ్యి వేసి, "బండి గీత మీద పెడితే చాలని తేలింది. ఇంక మూసేద్దాం" అన్నాడు. వెనక బెంచీలో వెర్లిన్ తల వంచుకుని కూర్చున్నాడు. పెదవులు మాత్రం మెల్లగా కదులుతున్నాయి.

పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఏ సమావేశంలోనూ ఒక్కసారీ నోరెత్తని లవాన్ కలం పక్కన పెట్టింది. "ట్రెంట్ బాబూ, పొద్దున అయిదు నుంచి ఏడు దాకా ఆ లైటు దానంతటదే మారేలా పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"పెట్టె తాళం తీస్తే పది నిమిషాలండీ."

"అర ఎర్రలైటు" అన్నాడు వెర్లిన్, ఉండబట్టలేక. అందరూ గొల్లుమన్నారు.

"నవ్వడం సరే, దానివల్ల ఎవరికి లాభం?" అన్నాడు హార్లన్.

వెర్లిన్ ముఖం పాలిపోయింది. లవాన్ వైపు చూశాడు. లవాన్ అధ్యక్షుడి వైపు చూసింది.

"నాకు లాభం. ఈయనకి నూటనాలుగు జవాబులు రాశానండీ. ఇవాళ ఫైలు మూస్తే సోమవారం పొద్దున నూటఅయిదోది నా బల్ల మీదుంటుంది. ఆ తరవాత ఉత్తరాలు మీ ఇంటికే పంపించమంటారా?"

హార్లన్ కుర్చీలో సర్దుకున్నాడు. "పెట్టేయండి. పొద్దున్నే పెట్టేయండి." చేతులన్నీ ఒక్కసారి లేచాయి. వెనకనుంచి రోండా రెండు చేతులూ ఎత్తింది, ఆవిడకి ఓటు లేకపోయినా.

గది ఖాళీ అయ్యాక లవాన్ తీర్మానాల పుస్తకం రాసుకుంటూ, 'కారణము' అన్న చోట ఆగింది. వెర్లిన్ టోపీ చేత్తో పట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు.

"ఒక్క సాయం చెయ్యి తల్లీ. కారణం నా మొండితనమని రాయి. గుర్రబ్బండి ఊసు మాత్రం రానీకు."

"ఈ పుస్తకం వందేళ్ళు ఉంటుందండీ. రేపు మీ మనవలు చదువుతారు."

"చదవనీ." ఆవిడ రాస్తుంటే భుజం మీదుగా వంగి చూశాడు. తృప్తి కలగలేదు కాబోలు, వేలితో 'మొండితనం' అన్న మాటకి ముందు ఖాళీ చూపించాడు. "చోటుంది కదమ్మా, 'భరించలేని' అని కూడా చేర్చు."