షోరూంలో విప్పిన ముడుపు

కారు అమ్మేవాళ్ళంటే నాకు ఈనాటికీ పడదు. పడకపోవడానికి నాకు కారణం ఉంది. ఆ కారణం ఒక పసుపు గుడ్డలో మూటగట్టి మా దేవుడి గూట్లో కొన్నేళ్ళు ఉంది.

మా ఆయన టాక్సీ నడిపేవాడు. టాక్సీ ఆయనది కాదు, తిరుపతిలో ఒక ఓనరుది. రైలు దిగిన యాత్రికులను స్టేషన్ దగ్గర ఎక్కించుకుని కొండకు తీసుకుపోవడం, దర్శనమయ్యాక కిందికి దించడం ఆయన పని. దిగేటప్పుడు అందరివీ గుండ్లే. ఆ గుండ్లకు పూసిన గంధం కారు లోపలి గుడ్డకు అంటుకుంటే, కడిగించిన ఖర్చు ఓనరు మా ఆయన జీతంలో పట్టుకునేవాడు. దేవుడి గంధానికి కూడా మేమే కట్టుకోవాలా అని నేను గొణిగేదాన్ని. సొంత బండి ఉంటే గంధం ఎంతైనా పూసుకోనీలే అనేవాడు ఆయన.

సొంత బండి అంటే ఆ రోజుల్లో మాటలు కాదు. ఇప్పుడు పొద్దున డబ్బు కడితే సాయంత్రానికి కారు ఇంటి ముందు ఉంటుంది. అప్పుడు పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. కంపెనీ పంపేవి నాలుగు బండ్లు, కాచుకున్నవాళ్ళు నలభైమంది. అందుకని కాగితం మీద ఒక రేటు ఉండేది, షోరూంవాడు చేతికి అడిగేది ఒకటి ఉండేది. ఆ పైడబ్బుకు రసీదు ఉండదు. కట్టనివాడి వంతు ఎప్పటికీ రాదు.

మా ఆయన చిత్తూరులో ఒక షోరూంలో పేరు రాయించాడు. రాయించిన రోజే నేను ముడుపు కట్టాను. సొంత కారు వస్తే మొదటి ప్రయాణం కొండకే, ముడుపు హుండీలో వేశాకే ఇంటికి తెస్తామని ఇద్దరం మొక్కుకున్నాం. నేను ఇంట్లో కూర్చుని పూలకొట్టుకు దండలు కట్టి ఇచ్చేదాన్ని. ఆ కూలి పసుపు గుడ్డలోకి పోయేది. యాత్రికులు సంతోషంగా చేతిలో పెట్టిన చిల్లర ఆయన తెచ్చి అందులోనే వేసేవాడు. ఇంట్లో ఎంత కటకటగా ఉన్నా దాని జోలికి పోలేదు. నాకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు కూడా మందులకు పక్కింట్లో చేబదులు తెచ్చాడే గాని, గూట్లో చెయ్యి పెట్టలేదు.

చివరికి మా వంతు వచ్చిందని కబురు వచ్చింది. బ్యాంకువాళ్ళు లోను డబ్బు నేరుగా షోరూంకే కట్టారు. మేము చేతి నుంచి కట్టాల్సినదానికి నా గాజులు పోయాయి, ఆయన భాగానికి వచ్చిన మడిచెక్క పోయింది. పైడబ్బు సంగతి స్టాండులో డ్రైవర్లు హెచ్చరించారు. మా ఆయన బస్సెక్కి చిత్తూరు పోయి షోరూం యజమానినే అడిగాడు. ఆ యజమాని నుదుట నిలువు నామం, మెడలో తులసిమాల. "స్వామి కొండ కింద యాపారం చేసేవాణ్ణప్పా, నాకెందుకు ఆ పాపిష్టి దుడ్లు. శుక్రవారం మంచిది, ఇంటామెను తోడుకోని రా" అన్నాడట. మా ఆయన పొంగిపోయి వచ్చి, పాత ఓనరుకు తాళంచెవి ఇచ్చేసి పని మానేశాడు.

శుక్రవారం మేము చేసిన తప్పు ఒక్కటే. మొక్కు ప్రకారం చిత్తూరు నుంచి నేరుగా కొండకు పోవాలి గనుక ముడుపును వెంట తీసుకుపోయాం. తిరుపతిలో ఎవరైనా అదే చేస్తారు. దొంగల భయానికి బస్సులో కొంగు కింద దాచుకున్నాను. షోరూంలో అడుగు పెట్టగానే ఇంక భయమేముందని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

కారు వాకిట్లో నిలబెట్టి ఉంది. తెల్లటి తెలుపు. ముందురోజు నేను కట్టిన చామంతి దండ దాని ముందు భాగానికి వేశాం. మా ఆయన లోపల కూర్చుని అద్దం సరిచేసుకున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టి ఊరికే అట్లా కూర్చున్నాడు. ఆ ముఖం నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

అప్పుడు యజమాని లోపలికి పిలిపించాడు. సీటు కవర్లట, రేడియోనట, పైన సామాను పెట్టుకునే ఇనుప చట్రమట. మేము అడగనివన్నీ బిగించాడు. వాటికింత. అదిగాక, ఆ పొద్దు వద్దన్న పైడబ్బు.

"కాయితంలో ఇవేమీ లేవు గదా సామీ" అన్నాడు మా ఆయన.

"కాయితంలో అన్నీ యాడ రాస్తారప్పా. కంపెనీవోళ్ళకు నేనిచ్చుకోవాల, బండి తెచ్చినోడికి ఇచ్చుకోవాల. నాకు మిగిలేది ఏముండాది?"

"ఆ పొద్దు వద్దంటిరి గదా."

"ఆ పొద్దు రేటు ఆ పొద్దుది."

మా దగ్గర ఏమీ లేదని, బస్సు ఛార్జీలు పోగా పెట్రోలుకు మాత్రం ఉందని చెప్పాడు. నెలనెలా తెచ్చి ఇస్తానన్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొండిగా బతికిన మనిషి అట్లా నిలబడడం చూసి నాకు ఒళ్ళు మండింది.

యజమాని ఆయన వైపు చూడనే లేదు. నా ఒళ్ళోకి చూస్తున్నాడు.

"ఉండాది కదా తల్లీ" అన్నాడు మెల్లగా.

"అది స్వామిది" అన్నాను.

"నేను స్వామి సొమ్ము అడిగితినా? అపచారం." రెండు చెంపలూ వేసుకున్నాడు. "మీ ఇష్టం. మదనపల్లె ఆసామి ఒకాయన పొద్దున్నించీ ఫోను చేస్తా ఉండాడు. మీ వంతు మళ్ళీ రాకుండా పోతుందా." అని బయటికి తిరిగి తన మనిషితో చెప్పాడు. "ఒరే, ఆ దండ తియ్యి."

ఆ మనిషి దండ తీశాడు. తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన ఆ దండనే చూస్తున్నాడు. పాత ఓనరు దగ్గర పని లేదు. గాజులు లేవు, మడి లేదు. మళ్ళీ వంతు అంటే ఇంకెన్నేళ్ళో.

ముడి నేనే విప్పాను. ఆయన విప్పలేదు, నన్ను విప్పమనీ అనలేదు. బస్సు ప్రయాణానికని గట్టిగా బిగించిన ముడి రాకపోతే పళ్ళతో లాగాను. ఆ పసుపు చేదు నోట్లో చాలాసేపు ఉంది. చిల్లరంతా బల్ల మీద పోసినప్పుడు యజమాని నవ్వలేదు, సిగ్గుపడలేదు. రాశిని తాకి కళ్ళకద్దుకుని సొరుగులోకి తోసుకున్నాడు. గుడ్డను మాత్రం మడతపెట్టి నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"మళ్ళీ కట్టుకోవచ్చు తల్లీ" అన్నాడు.

దండ మళ్ళీ వేశారు. ఖాళీ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని తిరుపతి దాకా వచ్చాను. అలిపిరి దగ్గర కారు ఆపి, ఆయన కొండవైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఉత్త చేతుల్తో ఎట్ల పోయేది మే" అన్నాడు. మొక్కు తప్పుతుందని తెలిసీ కారు ఇంటికి తిప్పాడు.

నేను ఆ ఒక్క రోజుకే అనుకున్నాను. కాదు. ముడుపు మళ్ళీ నిండేదాకా ఆ కారు కొండెక్కదని తీర్మానించుకున్నాడు. తిరుపతిలో కొండెక్కని టాక్సీ ఎవరికి కావాలి? రైలు దిగినవాళ్ళు పరుగున వచ్చి కొండకా అని అడిగేవాళ్ళు. ఈయన తల అడ్డంగా ఊపేవాడు. వెనక టాక్సీవాడు ఎక్కించుకుని పోయేవాడు. కాళహస్తికి, కాణిపాకానికి ఎవరైనా దొరికితే పోయేవాడు. చెయ్యి విరిగినవాళ్ళను పుత్తూరు కట్టుకు తీసుకుపోయేవాడు. గతుకు గతుకుకూ వాళ్ళు మూలుగుతుంటే నెమ్మదిగా నడిపి, ఆ రోజంతా ఒక్క బాడుగతో సరిపెట్టుకునేవాడు. బ్యాంకు వాయిదాలు తప్పాయి. అడగని రేడియోను సగం ధరకు అమ్మేశాం.

నేను పోట్లాడాను. దాచేదేముంది, రోజూ పోట్లాడాను.

"ఎత్తుకుండింది వాడు. శిక్ష మనకా? స్వామికి కండ్లు లేవా?"

"మాటిచ్చింది వాడు కాదు గదా" అనేవాడు, అన్నం కలుపుకుంటూ.

 ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చేది. కోపంతోనే దండలు కట్టేదాన్ని. మునుపటికి రెట్టింపు పూలు తెప్పించుకుని, వేళ్ళు కోసుకుపోయేలా కట్టేదాన్ని. ఆ కూలి అదే పసుపు గుడ్డలో వేసేదాన్ని. మొదటి ముడుపు భక్తితో కట్టాను, రెండోది ఉక్రోషంతో కట్టాను. దేవుడికి ఆ తేడా తెలిసే ఉంటుంది.

అది నిండేసరికి కారు తెలుపు మాసిపోయింది. పాతబడ్డ కారుకే మళ్ళీ చామంతి దండ వేసి, ఒక పొద్దున కొండెక్కాం. మలుపు మలుపుకూ ఆయన ముఖం తేలికపడింది. హుండీలో ముడుపు వేసినప్పుడు ఇద్దరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి. బయటికి వచ్చి ఎండలో నడుస్తుంటే నాలుక పిడచకట్టుకుపోయింది.

సత్రాల దగ్గర కొత్తగా కట్టిన మంచినీళ్ళ తొట్టి కనిపించింది. నున్నటి రాయి, ఇత్తడి కుళాయిలు. దోసిలి పట్టబోతూ పైన పాలరాతి పలక చూశాను. ఎవరో దాత సమర్పించాడట. ఆ పేరు నా కంట పడింది గాని నమ్మబుద్ధి కాలేదు. మా ఆయన కూడబలుక్కుని పైకి చదివాడు. పేరు అదే. ఊరు చిత్తూరు. కింద ఆయన వ్యాపారం పేరు కూడా చెక్కించాడు.

నా చేతులు అట్లాగే ఆగిపోయాయి. మా ముడుపు మాకంటే ముందే కొండెక్కి, వాడి పేరు పెట్టుకుని కూర్చుంది.

"నేను తాగను" అన్నాను. "కిందికి పోయినంక తాగుతా."

మా ఆయన కుళాయి తిప్పాడు. ముఖం కడుక్కున్నాడు, నోరు పుక్కిలించాడు. ఒక దోసెడు తాగాడు, ఇంకొక దోసెడు తాగాడు. ఇంక పట్టదనిపించేదాకా తాగి, తడిచేత్తో మూతి తుడుచుకున్నాడు. తర్వాత దోసిలి నిండా పట్టి నా ముందుకు తెచ్చాడు.

"మన నీళ్ళే మే" అన్నాడు. "తాగు."