పాల వ్యానులో బావకు సీటు

మా ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే ఇప్పటికీ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "తీసుకరానీకి ఎవ్వరన్న పొండ్రి గానీ, వాణ్ని మాత్రం పంపకుండ్రి." ఆ 'వాడు' నేనే. ఎందుకంటారా? ఇరవై ఏళ్ల వయసులో బేగంపేట విమానాశ్రయంలో నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే, మీరు కూడా నన్ను మీ చుట్టాల దరిదాపులకు రానివ్వరు.

మా యాదగిరి బావ మస్కట్‌లో క్రేన్ నడిపేవాడు. పెళ్లయిన ఏడాదికే వెళ్లిపోయాడు. అప్పటికి మా అక్క కడుపుతో ఉంది. పాప పుట్టింది, నడక నేర్చింది, గోడ మీది ఫోటో చూపిస్తే "నాయిన" అనడం కూడా నేర్చింది. బావ మాత్రం దాన్ని ఒక్కసారైనా కళ్లారా చూడలేదు. అలాంటి బావ బొంబాయిలో దిగి, అక్కడినుంచి ఇంకో విమానంలో హైదరాబాదు వస్తున్నాడని తెలియగానే అక్క నన్ను పిలిచింది.

"తమ్మీ, నేను ఇంటికాడ హారతి పట్టుకొని ఉంట. ఆయనను సక్కగ తీసుకొచ్చుడు నీ పని. లొల్లి చెయ్యకు."

"నువ్వు ఫికర్ చెయ్యకక్కా. అంత నేను చూసుకుంట," అన్నాను.

ఆ రోజుల్లో మా ఛత్రినాకలో గల్ఫ్ నుంచి ఒక మనిషి దిగుతున్నాడంటే అది ఆ ఇంటి సంగతి కాదు, మొత్తం గల్లీ సంగతి. ఎంతమంది ఎదురు వెళ్తే అంత ఇజ్జత్, అంత పరువు. వెనకింటి అబ్బాయి వచ్చినప్పుడు జీపు వెళ్లింది. మేము తగ్గుతామా? పాల వ్యాపారం చేసే మల్లేశన్నను బతిమాలి ఆయన వ్యాను మాట్లాడాను. క్యాన్లు దింపి ఎంత కడిగినా పుల్లటి వాసన పోలేదు, అది వేరే విషయం. అది చాలదన్నట్టు సలీం భాయ్‌నీ, ఆయన మర్ఫా డప్పులవాళ్లనీ పిలిచాను.

మా బాపు మొహం చిట్లించాడు. "ఒరేయ్, వచ్చేది ఒక్కడు. పోయేది గల్లీ అంతనా?"

"ఇజ్జత్ కా సవాల్ బాపు," అన్నాను.

బాపు వెంటనే వ్యాను ఎక్కేశాడు. ఇజ్జత్ కోసం కాదులెండి, ఆయన విమానాన్ని దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. డ్రైవరు పక్క సీటు బావదని ముందే ప్రకటించి, ఎవరూ కూర్చోకుండా సిటీ బస్సులో వేసినట్టు దాని మీద నా రుమాలు వేశాను. మేమందరం వెనక ఎక్కాం.

విమానాశ్రయంలో బోర్డులు చదవగలిగినవాణ్ని నేనే అన్న పొగరుతో అందరినీ నడిపించుకెళ్లి ఒక గుమ్మం ముందు నిలబెట్టాను. డప్పులు మొదలయ్యాయి. ఎదురుగా సూటు వేసుకున్న పెద్దమనిషి కనబడగానే మావాళ్లలో ఒకరు ఆగలేక ఆయన మెడలో దండ కూడా వేసేశారు. అది వచ్చేవాళ్ల గుమ్మం కాదు, వెళ్లేవాళ్ల గుమ్మమని ఆయనే చెప్పాడు. ఆయన ఢిల్లీ పోతున్నాడట. దండ తిరిగి అడగడం మర్యాద కాదని వదిలేశాం.

అసలు గుమ్మం దగ్గరికి చేరేసరికి పోలీసు కానిస్టేబుల్ అడ్డం వచ్చాడు.

"ఎంతమంది దిగుతున్నరు?"

"ఒక్కరే సార్. మా బావ."

"ఒక్కనికి గింతమందా?"

"ఇంకా ఉన్నరు సార్. వ్యానుల జాగ లేక రాలే."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి పక్కకు తప్పుకున్నాడు. కాసేపటికి తాళ్లతో కట్టిన డబ్బాలు తోసుకుంటూ బావ బయటికి వచ్చాడు. ఇక చూడండి. ఒకరి మీద ఒకరు పడి వేసిన దండలు బావ ముక్కు దాటి కళ్ల దాకా వచ్చాయి. ఆ పూల వెనకనుంచి సన్నగా మాట వినిపించింది.

"పాప ఏది రా?"

"ఇంటికాడ ఉన్నది బావా. అక్క హారతి పట్టుకొని చూస్తున్నది." బావ భుజానికి సంచి వేలాడుతోంది. పాస్‌పోర్టు, డబ్బులు అన్నీ అందులోనే. "నువ్వు మోస్తవా? ఇటియ్యి," అని లాక్కున్నాను. "నువ్వేం ముట్టుకోకు. ఈ స్తంభం కాడ నిలబడు. సామాను ఎక్కిచ్చినంక నేనే పిలుస్త."

బావ బుద్ధిగా నిలబడ్డాడు. నేను వ్యాను వెనక భాగంలోకి దూరి దుప్పట్ల మూటలు సర్దుతున్నాను. డప్పులు, డబ్బాలు, మనుషులు, ఏది ఎవరి ఒళ్లో ఉందో తెలియదు. చివరికి మల్లేశన్న ఇంజను స్టార్ట్ చేశాడు. బాధ్యత గల మనిషిని కదా, నేను గట్టిగా అడిగాను.

"ఛత్రినాక నుంచి వచ్చినోళ్లందరు ఎక్కిన్రా?"

"ఎక్కినం."

"మనోళ్లల్ల ఎవ్వరన్న మిగిలిన్రా?"

"ఎవ్వరు మిగల్లే."

"చలో అన్నా."

నా ప్రశ్నలో లోపం మీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియడానికి ఛత్రినాక దాకా పట్టింది. దారి పొడుగునా డప్పులే డప్పులు. చార్మినార్ దగ్గర జనంలో వ్యాను ఆగితే గాజుల దుకాణం ముందున్నాయన "కౌన్ ఆయా?" అన్నాడు. "మా బావ, మస్కట్ నుంచి," అని దర్జాగా ముందు సీటు వైపు చెయ్యి చూపించాను. ఆయన అందులోకి తొంగి చూసి, తర్వాత నన్ను అదోలా చూశాడు. పాపం, కుళ్లుకుంటున్నాడనుకున్నాను.

ఇంటి ముందు వ్యాను ఆగింది. అక్క కొత్త చీరలో, చేతిలో హారతి పళ్లెంతో గడప దగ్గర నిలబడి ఉంది. పక్కన కొత్త గౌనులో పాప. నేను దూకి, రాజుగారి కోట తలుపు తీసినట్టు ముందు తలుపు తీశాను. సీట్లో టేప్‌రికార్డర్ డబ్బా కూర్చుని ఉంది. దాని కింద నా రుమాలు.

డప్పులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. "దామాద్ కిధర్ హై?" అన్నాడు సలీం భాయ్. అల్లుడేడని అడిగినందుకు ఆయన్ను తప్పుపట్టలేం.

"ఎనక మీతోని కూసున్నడనుకున్న. ముందట డబ్బ పెట్టిన్రు గద," అన్నాడు మల్లేశన్న.

"మేము ముందట నీతోని కూసున్నడనుకున్నం," అన్నారు వెనక ఎక్కినవాళ్లు.

అక్క నా వైపు చూసింది. "తమ్మీ, ఆయన ఏడి?"

"స్తంభం కాడ," అన్నాను.

"ఏ స్తంభం?"

"ఎయిర్‌పోర్టుల."

పాప ముందుకు వచ్చి, టేప్‌రికార్డర్ డబ్బాను వేలితో పొడిచి, "నాయినా?" అంది. అందరూ నవ్వారు, అక్క తప్ప. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపు వచ్చింది. అన్నేళ్లు ఎదురుచూసిన మనిషిని వదిలేసి ఆయన దుప్పట్లు తెచ్చాను. అక్క పళ్లెం నా చేతుల్లో పెట్టి పాపను ఎత్తుకుంది.

"దీపం ఆరిపోనియ్యకు. గీ పనన్న సక్కగ చెయ్."

"నేను గూడ వస్త అక్కా."

"నువ్వొద్దు. నన్ను గూడ ఆడ్నే మరిచొస్తవ్."

ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నేను దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకుని గడపలో నిలబడ్డాను. గల్లీ అంతా వచ్చి నన్ను చూసిపోయింది. మర్ఫావాళ్లు నా ముందే కూర్చుని బావ కోసం వండిన మటన్ తిన్నారు. సలీం భాయ్ మాత్రం జాలిపడి మధ్యమధ్య దీపంలో నూనె పోశాడు.

ఎండ తగ్గుతుండగా ఆటో వచ్చింది. పాప బావ ఒళ్లో కూర్చుని, దండలోంచి పూలు పీకి ఆయన నెత్తిన పెడుతోంది. అక్క ముఖం వెలిగిపోతోంది. హారతి అయింది, డప్పులు మళ్లీ మోగాయి, అందరూ కలిసి నన్ను తిట్టడం కూడా అయింది. అప్పుడు బావ నన్ను ఇంటి వెనక నల్లా దగ్గరికి తీసుకెళ్లాడు. చెంప పగులుతుందని కళ్లు మూసుకున్నాను.

"బావా, వ్యాను పోయేటప్పుడు నువ్వు చూడలేదా?"

"చూసిన."

"మరి ఒక్క కేకన్న వెయ్యకపోతివి?"

"వేద్దామనుకున్న. లోపలికి చూస్తే నాకు జాగ ఎక్కడ కనబడలే. గప్‌చుప్‌గ నిలబడ్డ." బావ ఇంట్లోని సందడి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆటో దిగి మీ అక్క వచ్చింది. పాప వచ్చింది. ఇంకెవ్వరు లేరు. పాప నా మీసం ముట్టుకొని చూసింది. ఇంటికొచ్చిందాక నా ఒళ్లెనే ఉన్నది. మీరందరు ఉంటే నాకు గా సంబురం దొరుకునా?"

బావ నా భుజం తట్టాడు.

"మళ్ల వచ్చినప్పుడు గూడ నువ్వే రా. గిట్లనే మరిచిపోయి పో."

ఆ సాయంత్రమే అమ్మవారి మీద ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఎవరిని తీసుకురావడానికి వెళ్లినా, ముందు ఆ దిగినవాణ్ని ఎక్కించి, ఆ తర్వాతే లోకంలో మిగతావాళ్లను ఎక్కిస్తాను. మా బావనైతే మాత్రం అక్కడే వదిలేసి వస్తాను.