ఎర్ర చుక్క పెట్టిన ప్లగ్

కరోనా మూతలు పూర్తిగా ఎత్తేసి, పాండిచ్చేరి సముద్రపు ఒడ్డు హోటళ్ళలో మళ్ళీ పాటలు మొదలైన ఏడాది అది. ఇందిరా నగర్‌లో మా ఇంటి ముందుగదే మా షాపు. మైక్ సెట్లు, పాత రేడియోలు, గిటార్ ఆంప్లిఫయర్లు బాగుచేస్తాం. నా భర్త పెట్టిన షాపు, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. పెళ్ళికి ముందు మేట్టుపాళయంలో ఒక చిన్న యూనిట్‌లో ట్రాన్స్‌ఫార్మర్లకు రాగి తీగ చుట్టేదాన్ని. చుట్టడం అక్కడ చేతికి వచ్చింది. మిగతా పని ఆయన బల్ల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. చదువు లేదు. రెసిస్టర్ మీద రంగు చారలు చూసి దాని విలువ చెబుతాను గానీ, నాలుగు మాటలు రాయమంటే రాయలేను. ఇది కూడా నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది.

గిటార్ ఆంప్లలో వాల్వ్ ఆంప్ అని ఒక పాత రకం ఉంది. ట్యూబ్ ఆంప్ అన్నా అదే. లోపల చిన్న గాజు సీసాల్లాంటి వాల్వులు నిప్పు రంగులో వెలుగుతాయి. స్విచ్ వేయగానే పలకదు, అవి వేడెక్కేదాకా ఆగాలి. మోస్తే నడుం విరుగుతుంది. మా ఊరి ఉప్పుగాలికి వాల్వులు కూర్చునే సాకెట్లు చిలుము పడతాయి. ఇంత రోత ఉన్నా దాన్ని నమ్మవచ్చు అంటాను. ఎందుకంటే అది చెప్పి చెడిపోతుంది. ముందు గుయ్యిమంటుంది, తర్వాత గరగరమంటుంది, లేదా గొంతు సన్నబడుతుంది. ఏది నొచ్చుకుందో శబ్దంలోనే తెలుస్తుంది. కానీ శబ్దంలో తెలియని జబ్బు ఒకటి దానికి ఉంది. ఇప్పుడు చెప్పబోయేది దాని సంగతే.

ఒక మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. సరోజ, ఆమె తమ్ముడు సుకుమార్, ఆమె కూతురు నిత్య. సరోజ ఒక నర్సింగ్ హోంలో ఆయా. సుకుమార్ గోడౌన్‌లో లోడు బండి నడుపుతాడు. ఆంప్‌ను అతనే గుండెకు ఆనించుకుని తెచ్చాడు.

“ఏంపా, పెండ్లాన్నన్నా ఇంత పదిలంగా మోసినావా?” అన్నాను.

“దాన్ని మోసే బలం నాకు యాడిది పెద్దమ్మా. ఇదే నయం,” అన్నాడు. నవ్వలేదు. బల్ల మీద దింపి దూరంగా గుమ్మం దగ్గరకు పోయి నిలబడ్డాడు.

నిత్య మాత్రం ఆంప్ మీద చెయ్యి తీయలేదు. “మా నాయనది అవ్వా. అటక మింద పడి ఉన్నింది. నేను ఇప్పుడు హోటల్లో పాడతా ఉండా, గిటార్ కూడా నేనే. నాకు ఇది పలకల్ల. సీక్కిరం అవుతుందా?”

“తొందరైతే పక్క వీధిలో కొత్తవి అమ్ముతారు, పోయి కొనుక్కో.”

“వద్దులే. నువ్వు మెల్లగానే చెయ్యి.”

ఆ పిల్ల ఫోను మోగి బయటికి వెళ్ళాక సరోజ గొంతు తగ్గించి చెప్పింది. ఆమె భర్త దామోదరం మిల్లులో పనిచేస్తూ సాయంత్రాలు పాట కచేరీల్లో గిటార్ వాయించేవాడు. ఒక పెళ్ళి రిసెప్షన్‌లో వాన తుంపర పడుతుండగా పాడుతూ స్టేజీ మీదే కూలిపోయాడు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికి ప్రాణం లేదు. ఆ రోజు రెండు గుక్కలు తాగి ఉన్నాడు, వాసన వచ్చింది. తాగి పడి పోయాడని అత్తవారు అన్నారు, వీధి అంది, చివరికి బడిలో పిల్లలు కూడా అన్నారు.

“పిల్లను తాగుబోతోడి కూతురని అనేవాళ్ళు పెద్దమ్మా. అప్పటి నుంచీ వాళ్ళ నాయన మాట ఎత్తదు. ఇప్పుడు అదే పోయి అటక మింద నుంచి దీన్ని దించింది. ఏం అనుకునిందో ఏమో. బాగుచేసి ఇయ్యి.”

చిన్న వయసులో మగవాడు పోతే వీధికి ఒక కారణం కావాలి. నా భర్త పోయినప్పుడు కూడా చూశాను. ముందు పోయినవాడి మీద వేస్తారు, ఆ తర్వాత పెళ్ళాం మీద. అందుకే సరోజతో ఏమీ అనలేదు. సరేనన్నాను.

మర్నాడు ఆంప్ విప్పాను. ఏ వాల్వ్ ఆంప్ విప్పినా మొదటి పని లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు తీసేయడం. కెపాసిటర్ అంటే కరెంటును దాచుకునే డబ్బా. ప్లగ్ పీకేసినా అందులో మనిషిని పడగొట్టేంత మిగిలి ఉండవచ్చు. ఆ పని చేసి, సాకెట్లు శుభ్రం చేసి, చివరికి ప్లగ్ తుడిచాను. దాని మీద ఒక పక్క ఎర్రగా చిన్న చుక్క ఉంది. గోళ్ళ రంగుతో పెట్టింది.

ఆ చుక్క చూడగానే నాకు లోపల ఏం వెతకాలో తెలిసింది.

అది అమెరికాలో చేసిన ఆంప్. ఆ కాలంలో వాటికి ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్ ఉండేది. గుయ్యిమనే మోత తగ్గాలని, కరెంటు తీగల్లో ఒకదాని నుంచి లోపలి ఇనుప చట్రానికి ఒక చిన్న కెపాసిటర్ కలిపేవారు. గిటార్ తీగలు కూడా ఆ చట్రానికే కలిసి ఉంటాయి. అది బాగున్నంతకాలం గొడవ లేదు, మహా అయితే పెదవి మైక్‌కు తగిలినప్పుడు చురుక్కుమంటుంది. అది లోపల షార్ట్ అయిందంటే మాత్రం కరెంటు నేరుగా చట్రానికి, అక్కడి నుంచి వాయించేవాడి వేళ్ళకు వస్తుంది; తడి నేలో, ఎర్త్ ఉన్న మైకో తగిలితే ఒంటి గుండా పోతుంది. అదీ ప్రతిసారీ రాదు. ఆ తీగ గోడలో న్యూట్రల్ పక్కన పడితే ఏమీ కాదు. ప్లగ్ తిరగేసి పెడితే కరెంటు వచ్చే ఫేజ్ పక్కన పడుతుంది. మా పనివాళ్ళు ఆ భాగాన్ని డెత్ క్యాప్, అంటే చావు కెపాసిటర్, అంటారు. మన కరెంటుకు సరిపోవాలని దానికి ఎవరో ఒక స్టెప్ డౌన్ పెట్టె కూడా తగిలించారు; చుక్క ఉన్నది ఆ పెట్టె నుంచి గోడకు పోయే రెండు పిన్నుల ప్లగ్ మీదే. అది వోల్టు తగ్గిస్తుందే గానీ గోడ కరెంటును ఆంప్ నుంచి విడదీయదు.

మీటర్ పెట్టి చూశాను. డెత్ క్యాప్ పూర్తిగా షార్ట్. తర్వాత ప్లగ్ చుక్క పైకి ఉండేట్టు పెట్టి, చట్రానికి టెస్టర్ ఆనించాను. వెలగలేదు. తిరగేసి పెట్టాను. భగ్గున వెలిగింది. రెండు పక్కలా ఆంప్ ఒకేలా, తియ్యగా పలికింది. అదే నన్ను భయపెట్టింది. చెవికి ఏమీ తెలియదు.

సాయంత్రం సరోజ, సుకుమార్ వచ్చారు. ప్లగ్ చూపించి, ఈ చుక్క ఎవరిదని అడిగాను.

సరోజ దాన్ని చేతిలోకి తీసుకుంది. “నాదే. నా గోళ్ళ రంగు. ఒకనాడు సీసా అడిగినాడు. ఏంది, నువ్వు గానీ పూసుకుంటావా అన్నా. నీ మొగుడు నీకు దక్కేదానికే అన్నాడు. నవ్వుకున్నాం.”

నేను చూసింది ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆంప్ కరుస్తోందని అతనికి తెలుసు, అందుకే కరవని పక్కన గుర్తు పెట్టుకున్నాడు అని చెప్పాను. సుకుమార్ టీ తాగి వస్తానని లేచి వెళ్ళిపోయాడు.

సరోజ ఆ చుక్క మీద బొటనవేలు ఆనించింది. “అయితే ఆయన తాగి పడలేదా పెద్దమ్మా?”

“నేను ఆ పొద్దు చూడలేదు సరోజా. ఈ క్యాప్ ఆ పొద్దే పోయిందో, అటక మింద ఉప్పుగాలికి పోయిందో దీన్ని చూసి చెప్పలేను. మనిషిని చంపే పని ఇది చెయ్యగలదు. ఆ మాట మాత్రం చెప్తా.”

“నిత్యకు ఈ మాట చెప్పేదానికి వీల్లేదా?”

“సగం మాట చెప్తే పిల్ల రేపు ఇంకా నలుగుతుంది. ఆగు.”

ఆగమన్నానే గానీ దేనికోసమో నాకే తెలియదు. మిగతా సగం మరునాడు సుకుమార్‌తో వచ్చింది. ఒక్కడే వచ్చాడు. గోడౌన్ బండి బయట నిలిపి, కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఆ పొద్దు ప్లగ్ పెట్టింది నేనే,” అన్నాడు. “బావ ఎప్పుడూ ఎవురినీ పెట్టనియ్యడు. ఆ పొద్దు వాన వస్తా ఉంది, పెండ్లోళ్ళు తొందర చేస్తా ఉండారు, పెట్టరా అన్నాడు. పెట్టినా. చుక్క గిక్క నాకు తెలీదు. రెండో పాటలో మైక్‌కు నోరు పెట్టినాడు. అట్లే బిగుసుకున్నాడు. పడినాక గిటార్ తీద్దామని పోతే నా చేతికి కొట్టింది పెద్దమ్మా. గట్టిగా కొట్టింది.”

“ఆ మాట ఎవరితోనూ చెప్పలేదా?”

“యాడ చెప్పేది? అందరూ తాగినాడు తాగినాడు అంటా ఉంటే, అదే కానీలే అనుకున్నా. చెప్తే నేనే చంపినట్టు కదా. ఆ పిల్లను బడికి తీసకపోయింది నేనే, ఫీజు కట్టింది నేనే. అది ఏడిస్తే ఏడవొద్దన్నదీ నేనే. ఈ మాట ఒక్కటే చెప్పలేకపోయినా.”

అతన్ని ఓదార్చడానికి అబద్ధం ఆడవలసిన అవసరం రాలేదు. అందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. “ఆ స్టేజీకి కరెంటు యాడి నుంచి తెచ్చినారు?” అని అడిగాను.

“జనరేటర్.”

“అయితే విను. ఈ చుక్క మీ బావ ఇంటి గోడకే చెల్లుతుంది. అక్కడ ఏ పక్క ఫేజో చూసుకుని పెట్టుకున్నాడు. పందిట్లో ఎవుడో లాగిన జనరేటర్ వైరుకు ఏ పక్క ఏదో మీ బావకూ తెలీదు. ఆయన చేత్తో చుక్క చూసి పెట్టినా ఇదే అయ్యుండచ్చు. ఎట్లైనా పెట్టే ప్లగ్ చేసి, ఒక పక్క పెడితే చచ్చేట్టు చేసినారే, తప్పు ఆడుంది. నీ చేతిలో లేదు.”

అతను గోడకు ఆనుకున్నాడు. పెద్ద మనిషి, బస్తాలు ఎత్తే భుజాలు. చప్పుడు లేకుండా ఏడ్చాడు. కొంతసేపటికి, “అక్కకు నువ్వు చెప్తావా?” అన్నాడు.

“చెప్పను. చేతికి కొట్టింది నీకు, నోరు నీది. కానీ మీ అక్క నన్ను అడిగితే అబద్ధం చెప్పను. ప్లగ్ పెట్టినందుకు నీ మీద నేరం లేదు సుకుమారూ. మూసిన నోటికి ఉంది. అది నేను తీసేయలేను.”

అతను బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఆంప్ మీదే కూర్చున్నాను. డెత్ క్యాప్ కోసి పారేశాను. స్టెప్ డౌన్ పెట్టె తీసేసి, వోల్టు తగ్గిస్తూనే గోడ కరెంటును ఆంప్ నుంచి పూర్తిగా విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి నా చేత్తోనే చుట్టాను. చట్రానికి ఎర్త్ తీగ బిగించి మూడు పిన్నుల ప్లగ్ వేశాను. మూడు పిన్నుల ప్లగ్ ఒక్క విధంగానే పడుతుంది, మరిచిపోయే అవకాశం మనిషికి ఇవ్వదు. నిత్య పాడే హోటల్‌కు కూడా వెళ్ళి వచ్చాను. కొన్ని పాత భవనాల్లో ఎర్త్ కంత ఉంటుంది గానీ దాని వెనక తీగ ఉండదు. అక్కడ ఉంది. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి, వెలిగాకే నమ్మాను.

ఆంప్ తీసుకోవడానికి ముగ్గురూ వచ్చారు. వాళ్ళ మొహాలు చూడగానే సుకుమార్ ఇంట్లో నోరు విప్పాడని తెలిసింది. నిత్య కళ్ళు వాచి ఉన్నాయి. సరోజ తమ్ముడి వైపు చూడకుండా, నా ఎదుటే అతనితో మాట్లాడింది.

“ఇన్నేండ్లు నా చేతి కూడు తింటా, నా మొగుణ్ణి తాగుబోతోడంటే వింటా కూర్చున్నావు కదరా.”

“అవునక్కా.”

“పోయినోడు ఎట్ల పోయినాడో తెలిసుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. సిగ్గుతో చంపినావు.”

“అవునక్కా.”

నిత్య ఆంప్ పక్కన నేల మీద కూర్చుంది. “మామా, నాయన ఆ పొద్దు ఏం పాట పాడతా ఉన్నాడు?” అని అడిగింది. అతను పాట పేరు చెప్పాడు. ఆ పిల్ల తల ఊపింది.

నేను చట్రానికి టెస్టర్ ఆనించి పట్టుకుని, ప్లగ్ ఎవరైనా పెట్టమన్నాను. నిత్య చెయ్యి చాపింది. సరోజ ఆ చెయ్యి వెనక్కి లాగి, ప్లగ్ తీసుకుని తమ్ముడి ముందు పెట్టింది.

“నువ్వే పెట్టు,” అంది.

అతను ప్లగ్ అందుకున్నాడు. రెండుసార్లు గోడకు తగిలింది గానీ పడలేదు. మూడోసారి పడింది. టెస్టర్ వెలగలేదు. వాల్వులు మెల్లగా ఎర్రబడుతుంటే నలుగురం వాటినే చూస్తూ కూర్చున్నాం. సరోజ కోపం తగ్గిందని నేను అనుకోను. ఆ తర్వాత చాలాకాలం అతనితో ముక్తసరిగానే మాట్లాడింది. కానీ ప్లగ్ అతని చేతికే ఇచ్చింది, పెట్టేదాకా పక్కనే నిలబడింది. నిత్య గిటార్ మీటింది. మైక్‌కు పెదవులు ఆనించి వాళ్ళ నాయన సగంలో వదిలిన పాట మొదలుపెట్టింది.

ఆ తర్వాత నా షాపు నుంచి రెండు పిన్నుల ఆంప్ ఏదీ బయటికి పోలేదు. పాత సరుకు, ఒరిజినల్‌గా ఉండాలి అని పోట్లాడేవాళ్ళు ఉన్నారు. వేరే షాపు చూసుకోమంటాను. ఇంకొకటి కూడా ఆ ఆంప్ దగ్గరే నేర్చుకున్నాను. ఏదైనా కాలిపోయి వస్తే ముందు ఎవరు పెట్టారని అడిగేదాన్ని. ఇప్పుడు అడగను. అలా పెట్టడానికి అది ఎందుకు వీలిచ్చిందో విప్పి చూస్తాను. ఎవరు పెట్టారన్నది, నేను ఆగితే, వాళ్ళే వచ్చి చెబుతారు.