గేటు బయట నానమ్మ

ఈ రోజు మా అమ్మాయి ఒకటో తరగతికి వెళ్ళింది. యూకేజీ దాకా మధ్యాహ్నం గంట కొట్టేసరికి మా అత్తయ్య క్యారేజీతో బడికి వెళ్ళి, వరండాలో కూర్చుని దానికి ముద్దలు కలిపి పెట్టేవారు. తెనాలిలో మా వీధి నానమ్మలందరిదీ ఇదే డ్యూటీ. నేను సెలవు పెట్టాను కాబట్టి ఇవాళ ఇద్దరం కలిసి వెళ్ళాం. గేటు దగ్గరే టీచరుగారు ఆపేశారు.

"ఒకటో తరగతి నుంచి పిల్లలే తినాలండి, మామ్మగారూ. క్యారేజీ ఇచ్చి వెళ్ళండి."

"పప్పన్నమమ్మా, ఒంటినిండా పోసుకుంటుంది!"

"పోసుకోనివ్వండి. అదే నేర్చుకుంటుంది."

అత్తయ్య క్యారేజీ ఇచ్చారు గానీ అక్కణ్ణించి కదల్లేదు. ఊచల్లోంచి చూస్తూ నిలబడ్డాం. మా పిల్ల మూత తీసింది, కలుపుకుంది, తింది, పక్కపిల్ల నోట్లో కూడా ఒక ముద్ద పెట్టింది. సగం పప్పు గౌను మీదే ఉంది, అది వేరే సంగతి. గేటు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు భలే సంతోషమేసింది. అత్తయ్య మాత్రం ఆటో ఎక్కేదాకా గేటు వైపే తిరిగి తిరిగి చూశారు.

ఇందాక రాత్రి భోజనాలకి కూర్చున్నాం. పిల్ల కంచం ముందు చేతులు కట్టుకుని నోరు తెరిచింది.

"అదేంటే, ఇక నువ్వే తినాలిగా?" అన్నాను.

"అది బళ్ళో అమ్మా! ఇక్కడ నానమ్మ ఉందిగా."

ఆ మాట పూర్తయ్యేలోపే అత్తయ్య చెయ్యి కడుక్కుని వచ్చేశారు. మొదటి ముద్ద నిన్నటికంటే పెద్దదే కలిపారు.

మీ ఇళ్ళలో ఒకటో తరగతి రూలు బడి గేటు దగ్గరే ఆగిందా, గుమ్మం దాటి లోపలికి కూడా వచ్చిందా?