మా తమ్ముడికి శిక్ష పడాలన్న సువార్తక్క

నిన్న పొద్దున్న ఫోన్ ఆగకుండా మోగింది.

స్క్రీన్ చూడాలంటే భయమేసింది. మూడేళ్ళుగా మా ఇంట్లో ఫోన్ వరసగా మోగితే ఎవరెత్తాలా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. తమ్ముడికే ఏదో అయిందనుకున్నాను.

తమ్ముడు కాదు. సువార్తక్క.

గోల్‌బజార్‌లో చేపలు కొంటూ, కొట్టతనితో మాట్లాడుతూనే కూలబడిపోయిందట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. హార్ట్ ఎటాక్ అన్నారు.

నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు. మొన్న సాయంత్రమే సైకిల్ మీద మా ఇంటి ముందు నుంచి వెళ్తూ చెయ్యి ఊపింది.

ఆవిడ తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఈ బెంగాలీ ఊళ్ళో మన తెలుగు రైల్వేవాళ్ళుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో సువార్తక్కది మా వెనక వీధి. రైల్వేలో ఉద్యోగం, దాంతోపాటు కబడ్డీ రిఫరీ. మా తమ్ముడు సాయికి కూత పెట్టడం నేర్పింది ఆవిడే. చిన్నప్పుడు వాడి భోజనాలు సగం వాళ్ళింట్లోనే.

సాయి పెద్దయ్యాక ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడాడు. మూడేళ్ళ కిందట ఒక మ్యాచ్‌లో వాడు ఆఖరి రైడ్‌కి వెళ్ళినప్పుడు రిఫరీ సువార్తక్కే. లైన్ తొక్కాడని ఔట్ ఇచ్చింది. టీమ్ ఓడిపోయింది.

ఆ కోపంలో వాడు ఫోన్‌లో లైవ్ పెట్టాడు. వంట చేసుకోవాల్సిన ఆడవాళ్ళ చేతికి విజిల్ ఇస్తే ఇలాగే ఉంటుందన్నాడు. మొగుడు వదిలేసిన మనిషి కాబట్టి మగాళ్ళ మీద కక్ష తీర్చుకుంటోందన్నాడు.

ఆవిడ మొగుడి సంగతి వాడికెలా తెలుసు? ఆవిడ వంటింట్లో కూర్చుని అన్నం తిన్నవాడు కాబట్టి తెలుసు.

తెల్లారేసరికి క్లిప్ వైరల్ అయింది.

వాడు ఇంటికొచ్చిన మర్నాడు మా క్వార్టర్ ముందు జనం పోగయ్యారు. ఊళ్ళో ఇందా అనే పేట వైపు కుర్రాళ్ళు, మా వీధివాళ్ళు, ఎప్పుడూ చూడనివాళ్ళు. వాణ్ణి బయటికి పంపమని అరుపులు. కిటికీ అద్దం పగిలింది. అమ్మా నేనూ మంచానికీ బీరువాకీ మధ్య నేలమీద కూర్చున్నాం. 

ఉన్నట్టుండి అరుపులు తగ్గాయి.

తలుపు సందులోంచి చూస్తే సువార్తక్క మా గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. ముందు బెంగాలీలో ఏదో చెప్పింది. తర్వాత మన భాషలో అంది.

"ఆడన్నది నన్ను. మీకేటి? ఎల్లండి."

ఎవరూ వెంటనే కదల్లేదు. ఆవిడా లేవలేదు. చాలాసేపటికి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

సాయి బయటికొచ్చి ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు.

"కాళ్ళొగ్గెయ్," అంది. "సారీతో అయిపోదురా. నీకు శిచ్చ పడాల. కబడ్డీ బోర్డోళ్ళు ఎయ్యాల, ఈళ్ళు కాదు. నానే ఎల్లి సెప్తాను."

నిజంగానే వెళ్ళి కంప్లైంట్ ఇచ్చింది.

విచారణకి ముందు అమ్మ వాళ్ళింటికి వెళ్ళి బతిమాలింది. క్షమించేశానని ఒక్క మాట చెప్పమంది. ఆట తప్ప వాడికి ఇంకో బతుకు తెలియదని ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. అక్క కళ్ళలోనూ నీళ్ళే.

"పిన్నీ, నాకూ బయమే, ఆడేటి సేసుకుంటాడో అని. కానీ రేపు ఇంకో ఆడపిల్ల విజిల్ ఊదడానికి బయపడితే, ఆ పిల్లకి నానేటి సెప్పాల?"

సీజన్ మొత్తం బ్యాన్ వేశారు. టీమ్ వదిలేసింది.

ఆ శిక్ష ఎక్కువా, తక్కువా అని మా ఇంట్లో ఇప్పటికీ గొడవే. ఆ నెలలు మాత్రం ఎవరికీ రాకూడదు. వాడు గదిలోంచి బయటికొచ్చేవాడు కాదు. అమ్మ బాత్రూమ్ తలుపు గడియ ఊడబీకించేసింది. వాడు లోపలికి వెళ్తే బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది, జవాబు వినబడేదాకా.

అక్క రోజూ డ్యూటీ నుంచి వస్తూ మా గేటు దగ్గర సైకిల్ ఆపి, వాడు తిన్నాడా అని అడిగేది. వాడు ఆవిడ ముఖం చూసేవాడు కాదు.

ఒకరోజు లోపలికే వచ్చేసింది. కాలనీలో ఆడపిల్లల మ్యాచ్ ఉందని, రిఫరీ తక్కువయ్యాడని, లేచి రమ్మని చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. వాడు ఒక అమ్మాయిని ఔట్ ఇచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు వాణ్ణి నానా మాటలూ అన్నారు, ఆ పాత క్లిప్ ఎత్తి మరీ.  అక్క అడ్డు రాలేదు. వాడి పక్కన నిలబడింది, అంతే.

ఇంటికొచ్చాక వాడు నాతో అన్నాడు, "అందరూ అరుస్తుంటే సెవుల్లో ఏటీ ఇనబడ్లేదే అక్కా. ఆవిడికి రోజూ ఇలాగే ఉండేదేటి?"

మర్నాడు ఒక్కడే వాళ్ళింటికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చి అమ్మని అన్నం పెట్టమని అడిగాడు.

ఇప్పుడు వేరే ఊళ్ళో, చిన్న టీమ్‌కి ఆడుతున్నాడు.

నిన్న అక్క పోయిందని తెలియగానే ఎవరో ఆ క్లిప్ మళ్ళీ బయటికి తీశారు. ఆవిడ ఫోటో పక్కనే పెట్టి షేర్ చేస్తున్నారు. సగం మంది వాణ్ణి తిడుతున్నారు. సగం మంది, మంచి ప్లేయర్‌ని నాశనం చేసిందని చనిపోయిన మనిషిని తిడుతున్నారు.

వాడు రైలెక్కానని మెసేజ్ పెట్టాడు. తర్వాత ఫోన్ స్విచ్ ఆఫ్. రాత్రంతా మేం ఎలా ఉన్నామో రాయలేను.

ఇవాళ మధ్యాహ్నం సమాధుల తోట గేటు దగ్గర కనిపించాడు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, లోపలికి రాకుండా నిలబడ్డాడు. ఇద్దరు ముగ్గురు అప్పుడే ఫోన్లు పైకెత్తారు. 

అక్క వాళ్ళమ్మగారు చూశారు. పెద్దావిడ, నడవలేరు. వేలితో వాణ్ణి చూపించి, "ఆణ్ణి రమ్మనండి. పెట్టె మొయ్యాల," అన్నారు.

వాడు తువ్వాలు తీసేసి వచ్చాడు. ఫోన్లు తీస్తూనే ఉన్నాయి. తల దించుకోలేదు. పెట్టె దించేదాకా భుజం మార్చుకోలేదు.

 ఈ పోస్ట్ కింద ఎవరేం రాస్తారోనని భయం. అయినా పెడుతున్నాను. దయచేసి ఆ క్లిప్ షేర్ చెయ్యకండి. వాడి కోసం కాదు, ఆవిడ కోసం.

సువార్తక్కా, ఎవరి అరుపులూ వినబడని చోట చల్లగా నిద్రపో.