చిచ్చుబుడ్లు ఆగిపోయిన గల్లీ

మా బాపు చప్పుడుకు భయపడేవాడు. ఆ మాట చెబితే మొదట ఎవరూ నమ్మేవారు కాదు. ఎందుకంటే ఆయన ఇరవై ఏళ్లకు పైగా మేళ్లచెరువు వైపు సున్నపురాయి గనుల్లో రాయి పేల్చిన మనిషి. బండకు బొక్క వేసి, మందు కూరి, వత్తి ముట్టించి, అందరినీ దూరం పొమ్మని కేకేసి, చివరికి తాను ఉరికి వచ్చేవాడు. ఒకరోజు వత్తి ఆరిపోయిందనుకొని తోటి పనివాడు దగ్గరికి పోయి వంగి చూశాడు. అది ఆరలేదు. ఆ తర్వాత బాపు గని ముఖం చూడలేదు. ఇంట్లో గిన్నె మూత కింద పడినా సరే, ఉన్నచోటనే కూలబడి రెండు చేతులతో తల కప్పుకొనేవాడు.

అమ్మ అప్పటికే పోయింది. ఎనభైల మధ్యలో నాకు ఆలేరు దగ్గరి ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. బాపును వెంట తెచ్చుకున్నాను. నా భర్తది కాజీపేటలో పని, ఆదివారాలు వచ్చిపోయేవాడు. మేము కిరాయికి దిగిన గల్లీలో గోడకు గోడ ఆనుకున్న ఇండ్లు ఇరవై దాకా ఉండేవి. ఒక ఇంట్లో పోపు పెడితే నాలుగిండ్లలో తుమ్ములు వినిపించేవి.

మా ఎదురింట్లో ఒక ముసలి సాయెబు, ఆయన భార్య ఉండేవారు. ఆయన ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాడు. ఊళ్లోకి స్టీలు గిన్నెలు వచ్చినకొద్దీ ఆ పని తగ్గిపోయింది. కానీ దసరా దాటిందంటే ఆయనకు ఇంకో పని మొదలయ్యేది. దీపావళికి చిచ్చుబుడ్లు చేయడం. కుమ్మరి దగ్గర చిన్న చిన్న మట్టిబుడ్లు చేయించి, సూరేకారం, గంధకం, కందికట్టె బొగ్గు, కమ్మరి కొలిమి దగ్గర ఊడ్చి తెచ్చిన ఇనుప రజను పాళ్లుగా కలిపి నింపేవాడు. ఆ పని ఆయనకు వాళ్ల నాయన నేర్పించాడట. పిల్లలందరూ ఆయన్ను తాత అనేవారు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. ఆయన భార్యను మాత్రం చాచీ అనేవాళ్లం.

మేము వచ్చిన మొదటి ఏడు, ఆయన రోట్లో ఏదో నూరుతుంటే బాపు మా గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత తానుగా గల్లీ దాటి పోయాడు. కొత్త ఊళ్లో ఆయన తనంతట తాను ఒకరి గడప దగ్గరికి పోవడం అదే మొదలు.

"సాయెబూ, మూడూ ఒక్క జాగల నూరుతున్నవా ఏంది?" అన్నాడు.

"తోబా తోబా! ఎప్పటికీ నూర భాయ్. దేనికదే నూరాలె. కలిపేటప్పుడు చెయ్యితోనే కలపాలె, రాయి తగలొద్దు."

బాపు తల ఊపాడు. తెలిసినవాడు చెప్పినట్టు చెప్పాడని ఆయన ముఖంలో కనిపించింది. ఇంకాస్త దగ్గరికి జరిగి అడిగాడు. "చప్పుడు ఉంటదా?"

"చప్పుడు జేసేది బాంబుమందు. నాది పూలమందు. బుస్సుమంటది, గంతే. కూసో భాయ్."

బాపు కూర్చున్నాడు. ఆ రోజు నుంచి దసరా పోయిందంటే ఆయన పగళ్లు ఎదురింటి అరుగు మీదనే గడిచేవి. మందును పలుచని గుడ్డలో జల్లించడం, తడిపిన గోనెసంచులు, ఇసుక బొక్కెన పక్కన పెట్టించడం, బీడీ తాగుతూ అటు వచ్చినవాళ్లను కేకలేసి పంపించడం ఆయన పనులయ్యాయి. గనిలో నేర్చుకున్న జాగ్రత్తలు ఇన్నేళ్లకు మళ్లీ పనికొచ్చాయి.

దీపావళి సాయంత్రం మొదటిసారి తాత చేసిన చిచ్చుబుడ్లు చూసినప్పుడు నేను బాపునే చూస్తూ నిలబడ్డాను. గల్లీ నడుమ ఎనిమిది బుడ్లు వరసగా పెట్టారు. తాత పొడుగు కట్టెకు అగరొత్తులు కట్టి దూరం నుంచే ఒక్కొక్కటి ముట్టించాడు. ముందు పొగ, తర్వాత చిన్న మంట, ఆ తర్వాత ఒక్కసారిగా బంగారు రంగు నిప్పుపూలు పెంకుటిండ్ల కప్పుల మీదికి లేచాయి. ఇనుప రజను కాలే చోట తెల్లగా మెరుస్తూ విచ్చుకొని జల్లులా కిందికి రాలింది. ఆడవాళ్లు అరుగుల మీద, పిల్లలు వాళ్ల కాళ్ల సందుల్లో. అందరి ముఖాలూ పచ్చగా వెలిగాయి. పక్కింటి ముసలవ్వ "ఇంకొకటి ముట్టియ్యి, ఇంకొకటి" అని చిన్నపిల్లలా అడుగుతూనే ఉంది. బాపు గల్లీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. చేతులు తల మీదికి పోలేదు.

"సూసినవా బిడ్డా? మందు గిట్ల గూడ ఉంటది" అన్నాడు.

అట్లా నాలుగు దీపావళులు జరిగాయి. మా గల్లీ చిచ్చుబుడ్లు చూడడానికి వేరే వాడల నుంచి కూడా మనుషులు వచ్చేవారు.

ఆ నాలుగేళ్లలోనే మెయిన్ రోడ్డు మీద ఒక కిరాణా దుకాణంలో రెడీమేడ్ పటాకులు అమ్మడం మొదలైంది. ఏటేటా డబ్బాలు పెరిగాయి. కాకరపువ్వొత్తులు, భూచక్రాలతో ఎవరికీ బాధ లేదు. సుతిలిదారం చుట్టిన బాంబులతోనే బాధ. బస్సుల దగ్గర తిరిగే యువకులు కొందరు దసరా నుంచే అవి కాల్చేవారు. ఖాళీ డబ్బా కింద బాంబు పెట్టి అది ఎంత ఎత్తు లేస్తుందో పందెం వేసుకొనేవారు. మా గల్లీ ఇరుకుది కాబట్టి చప్పుడు ఎక్కువ మోగుతుందని ఇక్కడికి వచ్చి మరీ విసిరేవారు. చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవారు. గల్లీ చివర గొర్రెల దొడ్డి ఉండేది. గొర్రెలు బెదిరి దడి విరగ్గొట్టుకొని పోతే, ఆ ఇంటాయన రెండు రోజులు వెతికి తెచ్చుకున్నాడు.

అయిదో ఏడు, పండుగకు ఇంకా పది రోజులుండగా, బాపు మిట్టమధ్యాహ్నం మంగలి దగ్గరి నుంచి ఇంటికి వస్తున్నాడు. ఆయన వెనకనే బాంబు పేలింది. బాపు మోరిలో పడిపోయాడు. రాయి తగిలి నొసలు పగిలింది. నేను బడి నుంచి ఉరికి వచ్చేసరికి ఆయన ఇంకా మోరిలోనే, తల మీద చేతులు పెట్టుకొని ముడుచుకొని ఉన్నాడు. తాత ఆ బురదలోకి దిగి ఆయన భుజం పట్టుకొని, "అయిపోయింది భాయ్, అయిపోయింది, లే" అంటున్నాడు. దవాఖానలో కుట్లు వేశారు.

ఆ యువకులను పట్టుకొని అడిగాను.

"పండుగకు కాల్చకపోతే ఎప్పుడు కాలుస్తం టీచర్?" అన్నాడు ఒకడు.

"పండుగకు ఇంకా పది రోజులున్నయి."

"మాకు ఇయ్యాల్నే పండుగ."

అందరూ నవ్వారు. ఆ నవ్వు నన్ను ఇంటిదాకా తరిమింది. ఆ సాయంత్రమే కూర్చొని పోలీసులకు దరఖాస్తు రాశాను. నా చేతిరాత బాగుంటుందని, నా తెలుగు బాగుంటుందని బడిలో పేరు. ఆ పేరు నాకు కూడా ఇష్టమే. బాంబుల గురించి, బాపు నొసటి గాయం గురించి, గొర్రెల గురించి రాశాక, చివర బరువుగా ఒక మాట ఉండాలనిపించింది. వార్తాపత్రికలో ఎక్కడో చదివిన మాటలు గుర్తు చేసుకొని రాశాను. "కావున నివాస ప్రాంతములో అనుమతి లేకుండా పేలుడు పదార్థములు తయారు చేయువారిపైన, నిల్వ ఉంచువారిపైన, కాల్చువారిపైన కఠిన చర్య తీసుకొనగలరు."

రాసినప్పుడు నా కళ్ల ముందు ఉన్నది ఆ యువకులు, ఆ దుకాణం మాత్రమే. ఎదురింటి రోలు నా మనసులోకి రానేలేదు.

ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తీసుకున్నాను. బాంబుల మీద అనగానే ఎవరూ చదవకుండానే పెట్టారు. తాతకు తెలుగు చదవడం రాదు. "బాంబులు వద్దని రాసిన తాతా" అన్నాను. పూర్తిగా చదివి వినిపించలేదు. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని, అందరికంటే కింద, ఉర్దూలో మెల్లగా సంతకం పెట్టాడు.

"మీ బాపు కోసం పది పెడత బేటీ" అన్నాడు.

దరఖాస్తు స్టేషన్లో ఇచ్చిన నాలుగో రోజు పొద్దున పోలీసులు గల్లీలోకి వచ్చారు. మెయిన్ రోడ్డు వైపు కాదు, నేరుగా తాత ఇంటికి. మట్టిబుడ్లు నలభై దాకా గోడ పక్కన ఆరుతున్నాయి. వాటిని, సూరేకారం మూటను, గంధకం డబ్బాను, రోలును కూడా బండిలో వేసుకున్నారు. తాతను ఎక్కించుకున్నారు. చాచీ వాకిట్లో నిలబడి "ఏం జేసిండు? ఎవల్ని ఏమన్నడు?" అని అడుగుతూనే ఉంది. బాపు ఆ బండి ముందుకు పోయి నిలబడితే ఒక కానిస్టేబులు మర్యాదగానే పక్కకు జరిపాడు.

నేను, చాచీ వెనకనే స్టేషనుకు నడిచి పోయాం. చాచీని బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి పోయాను. ఎస్సై నన్ను గుర్తుపట్టి కుర్చీ చూపించాడు. తాత గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నేను మాట్లాడబోయేలోపలే ఎస్సై కాగితం తీసి నా వాక్యం పైకి చదివాడు. ప్రతి ముక్కా స్పష్టంగా చదివాడు.

"తయారు చేసేటోళ్ల మీద చర్య తీసుకోమని మీరే రాసిండ్రు గదా మేడం. మీ గల్లీల తయారు చేసేది ఈయన ఒక్కడే." కాగితం తిప్పి తాత వైపు చూపించాడు. "ఇగో, కింద సంతకం గూడ నీదే గదా తాతా?"

తాత కాగితం వైపు చూసి, "నాదే సాబ్" అన్నాడు. నా వైపు చూడలేదు.

"నేను ఈయన గురించి రాయలేదు సార్, బాంబుల గురించి రాసిన" అన్నాను. ఎస్సై చెడ్డవాడు కాదు. ముసలాయనపై కేసు పెట్టనని, ఇక మీదట మందు నూరనని రాసిస్తే చాలని అన్నాడు. ఆ కాగితం రాయడానికి అక్కడ మంచి చేతిరాత ఎవరిదంటే నాదే. నేనే రాశాను. తాత మళ్లీ ఉర్దూలో సంతకం పెట్టాడు.

బయటికి వచ్చేటప్పుడు "తాతా" అన్నాను.

"నువ్వు రాసింది అబద్ధం కాదు గదా బేటీ. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఇల్లు చేరగానే బాపు అడిగాడు. "ఎవలు జెప్పిండ్రు బిడ్డా సాయెబు సంగతి పోలీసోళ్లకు?"

"తెల్వదు బాపూ" అన్నాను.

అదే పెద్ద తప్పు. రాసిన వాక్యం తెలివితక్కువతనం అనుకోవచ్చు. ఈ మాట మాత్రం తెలిసే అన్నాను. సాయంత్రానికి గల్లీ తానే ఒక జవాబు వెతుక్కుంది. మెయిన్ రోడ్డు దుకాణాయన తన పటాకులు అమ్ముడుపోవాలని చెప్పి ఉంటాడని. ఆయన ఏడాదిపాటు మా గల్లీ ఆడవాళ్ల తిట్లు పడ్డాడు. ఒకసారి ఆయనే నా దగ్గరికి వచ్చి, "నా పిల్లల మీద ఒట్టు టీచర్, నేను జెప్పలే. మీరన్న జర అందరికి చెప్పుండ్రి" అని బతిమాలాడు. సరేనన్నాను. చెప్పలేదు.

ఆ ఏడు దీపావళికి పటాకుల దుకాణాలను ఊరి బయట మైదానంలోకి మార్చారు. రేకుల షెడ్లు, నీళ్ల డ్రమ్ములు, ఇసుక బొక్కెనలు, అంతా పద్ధతి ప్రకారం. అమ్మేవాళ్లకు అనుమతి ఉంది. బాంబులు అక్కడ కొని ఎప్పటిలాగే మా గల్లీలోకి తెచ్చి కాల్చారు. పోలీసులు ఒకసారి గద్దిస్తే ఆ యువకులు రెండు రోజులు ఆగారు. పండుగ సాయంత్రం బాపు చెవుల్లో దూది పెట్టుకొని లోపలి గదిలో కూర్చున్నాడు. తాత వచ్చి తలుపు వేసి ఆయన పక్కన కూర్చున్నాడు. బయట ఒక్కో పేలుడుకు తాత చెయ్యి బాపు మోకాలి మీద పడేది.

అనుమతి తెచ్చుకుంటే మళ్లీ చేసుకోవచ్చని ఎవరో చెబితే, చలికాలంలో నేను సెలవు పెట్టి తాతను నల్లగొండకు తీసుకుపోయాను. నార్కట్‌పల్లిలో బస్సు మారేటప్పుడు ఆయన నాకు చాయ్ తాగించాడు. ఆఫీసులో గుమస్తా ఓపికగానే చెప్పాడు. ఇండ్లకు దూరంగా సొంత జాగా కావాలి, గట్టి గోడల షెడ్డు కావాలి, చాలా కాగితాలు కావాలి.

"ఇండ్ల నడుమ మందు నూరుడు మంచిదేనా మేడం? పిల్లలుండే గల్లీ. మీరే టీచరు, మీరే చెప్పుండ్రి" అన్నాడు.

అదే గల్లీలో నా కూతురు కూడా అప్పటికి పారాడుతోంది. అంత జాగ్రత్త తెలిసిన బాపు కూడా తర్వాత ఒకసారి, "ఆ మాట నిజమే సాయెబూ, ఒక్క నిప్పురవ్వ చాలు" అన్నాడు. తాత ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఆయన మళ్లీ ఆ పని ఊసు ఎత్తలేదు. దసరా తర్వాత అరుగు మీద ఇద్దరూ ఉట్టి చేతులతో కూర్చునేవారు. ఒకటి రెండేళ్లకు కూర్చోవడం కూడా తగ్గింది. పని లేకపోతే ముసలివాళ్లకు మాటలు కూడా తొందరగా అయిపోతాయని నాకు అప్పుడు తెలిసింది.

తొంభైల మొదట్లో బాపు ఒక ఎండాకాలం జ్వరంతో పోయాడు. పోయేముందు ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను. ఆయన ఆ దుకాణాయనను తిట్టినప్పుడల్లా నోటిదాకా వచ్చేది. చెప్పలేదు. మరుసటి ఏడు తాత కూడా పోయాడు.

చాచీని ఆమె బిడ్డ మహబూబ్‌నగర్ తీసుకుపోతుంటే బస్సు దాకా సంచి మోసుకొని పోయాను. బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. అప్పుడు చెప్పాను. దరఖాస్తులో నేను ఏం రాశానో, స్టేషన్లో ఏం చదివారో, అంతా.

చాచీ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు తెలుసు బేటీ. ఆయన ఆ దినమే చెప్పిండు. టీచరమ్మ పేరు బయట ఎత్తకు, వాళ్ల బాపు పానం పోతది అన్నడు." కొంగు భుజం మీదికి సర్దుకుంది. "ఆయనకు కోపం రాలే. నాకు వచ్చింది. రోజూ నీకు ఎదురుంగ కూసొని బియ్యం ఏరుకుంట, ఇయ్యాల చెప్తదా, రేపు చెప్తదా అని సూసిన."

బస్సు వచ్చింది. ఆమె బిడ్డ చెయ్యి పట్టుకొని ఎక్కించింది. నేను సంచి అందించాను. కిటికీ దగ్గర కూర్చున్నాక చాచీ నా వైపు చూసి తల ఊపింది. క్షమించానని ఊపిందో, పోయొస్తానని ఊపిందో అడిగే సమయం లేకపోయింది.